తుప్పు పట్టని దండెం

కూరగాయల దగ్గర బేరమాడతాను, చీరల దగ్గర ఇంకా గట్టిగా ఆడతాను. బట్టలారేసే దండెం దగ్గర మాత్రం ఇక ఆడను. ఎవరైనా కొత్తగా కాపురం పెడుతుంటే మంచం, మిక్సీ సంగతి తర్వాత, ముందు దండేనికి మంచి తీగ కొనుక్కోమంటాను. నవ్వుతారు. నవ్వనీండి.

మా ఇల్లు వన్ టౌన్‌లో. మేడెక్కితే రేవులో క్రేన్లు కనబడతాయి. అటునుంచి గాలితో పాటు దుమ్మూ వస్తుంది. ఒకరోజు బొగ్గు నలుపు, ఒకరోజు ఇనుప ఖనిజం ఎరుపు. అందుకని మా వీధిలో ఎవరూ తడిగుడ్డతో దండెం తుడవకుండా బట్ట వేయరు. కాపురానికొచ్చిన మర్నాడే మా అత్త నాకు నేర్పిన పని అది.

నైలాన్ తాడు ఎండకు పీచుపీచుగా రాలిపోతుంటే, తీగ కొందామని ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టతను రెండు చుట్టలు ముందు పెట్టాడు.

"ఇది స్టెయిన్‌లెస్ అక్కా. రేటెక్కువే గానీ మల్లీ నా మొకం సూడక్కర్లేదు. ఇదేమో ఉత్త ఇనుం. మన ఉప్పుగాలికి ఆగదు."

"ఏటి బాబూ, మా ఆయన స్టీల్ ప్లాంటులో పన్జేత్తన్నారు. నాకు నువ్వు ఇనుం గురించి సెప్తావేటి?" అన్నాను.

ఆయన అక్కడ పనిచేసేది నిజమే. ఇనుము గురించి నాకు తెలిసిందల్లా ఆయన చొక్కాలకంటిన మరకలు ఉతకడం. చవక చుట్ట పట్టుకుని, ఏదో గెలిచినదానిలా ఇంటికొచ్చాను. తీగ కట్టిన రోజున ఆయన "ఇదేటే ఇలాగుంది" అని, నా మొహం చూసి ముడి బిగించారు.

రెండు నెలలు ఏ గొడవా లేదు. తుడిచిన గుడ్డకు ఎర్రగా అంటేది. ఈమధ్య ఖనిజం దుమ్ము ఎక్కువైందనుకునేదాన్ని. రంగుచీరల మీదా, ఖాకీ చొక్కాల మీదా ఏమీ కనబడలేదు.

అంతలో ఈస్టర్ వచ్చింది. మా చర్చిలో పాడే ఏడుగురు ఆడవాళ్ళకూ ఒకే రకం తెల్ల నూలుచీరలున్నాయి. ఎవరిది వాళ్ళు ఉతుక్కుంటే ఒకదానికి నీలిమందు ఎక్కువై, ఇంకోదానికి గంజి తక్కువై, వరసలో నిలబడితే ఏడు రకాల తెలుపులు కనబడేవి. నాకు పాటలన్నీ నోటికొచ్చు గానీ గొంతు లేదు. ఉతకడానికి గొంతెందుకు? "ఈసారి అన్నీ నానే ఉతుకుతాను, ఒకేలాగొత్తాయి" అని అందరి ముందూ మాటిచ్చాను.

ఆదివారం తెల్లవారుజామున ఆరాధన. శనివారం పొద్దున్నే ఏడు చీరలూ ఉతికి, గంజి పెట్టి, తీగ తుడిచి ఆరేశాను. పది గంటలకు తిరగేద్దామని మొదటి చీర ఎత్తాను. నడిమధ్యన, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, గీసినట్టు ఎర్రటి చార. రెండోదానికీ అదే. ఏడింటికీ అదే. తీగను గోరుతో గీకితే పొట్టులా రాలింది. ఇన్నాళ్ళూ గుడ్డకంటింది దుమ్ము కాదు, తుప్పు.

మెట్ల మీద కూలబడ్డాను. నా చీరైతే పోనీ అనుకుందును. అదే వేళకు పాటల జట్టు పెద్దక్క ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపింది. "సెల్లీ, సాయంత్రం నాలుగ్గంటలకొత్తాం. సీరలు మెరిసిపోవాలి!"

ఆ రోజు మా ఆయనకు సెలవు. పైకొచ్చి చూసి, నవ్వు కనబడకుండా మీసం సర్దుకున్నారు.

"ఇనుం గురించి నాకేటి సెప్తావని కొట్టోడినడిగేవంట గదా?"

"ఏడుపొత్తంటే ఎగతాళేటండీ!"

"ఏడవకు. ఫ్యాక్టరీల్లో తుప్పుని యాసిడ్డుతోనే తీత్తారు."

కింద నుంచి మా అత్త కేకేసింది. "ఓరి నీ యాసిడ్డు! సీరలు సిల్లులు పడిపోవూ? నిమ్మకాయలట్టుకు రా. నిమ్మరసం, ఉప్పు, ఎండ. అంతే."

ఆయన సంచీడు నిమ్మకాయలు తెచ్చారు. బజార్లో ఎవరో "పచ్చడేటి బావా?" అనడిగితే "అవును, సీరల పచ్చడి" అన్నారట.

ఆ తీగ మీద మళ్ళీ వేయలేము, నేలనిండా దుమ్ము. అందుకని చీర ఒక కొస స్టూలు మీద కూర్చుని మా అత్త పట్టుకుంది, రెండో కొస ఎండలో నిలబడి ఆయన పట్టుకున్నారు. నేను చార పొడుగునా ఉప్పూ నిమ్మరసం రుద్దడం, ఎండనివ్వడం, జాడించడం, మళ్ళీ రుద్దడం. ఎరుపు కాస్తా పసుపైంది, పసుపు మెల్లగా పోయింది. మూడు గంటలకు నాలుగు చీరలు తేలాయి. మూడు మిగిలాయి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఏడుగురూ గంట ముందే వచ్చేశారు.

"ఓలమ్మో, తమ్ముడేటి సీరట్టుకుని నిలబడ్డాడు!" అంది పెద్దక్క.

"నాను తమ్ముణ్ణి కాదక్కా, ఇయ్యాల దండేన్ని," అన్నారాయన.

నేను తలొంచుకుని జరిగిందంతా చెప్పాను. పెద్దక్క చీర మీది చారను చూసింది, నా ఎర్రబడ్డ చేతులను చూసింది.

"సాల్లే, అవతల కొస నాకియ్యి. సేతులు పట్టుకుంటాయి, నోళ్ళు కాళీయే గదా. పాట అందుకోండర్రా!"

ఒక్కో చీరకు ఇద్దరు నిలబడ్డారు. ఏడో ఆమె నా పక్కన కూర్చుని నిమ్మకాయలు పిండింది. పాట పుస్తకం ఎవరూ తేలేదు. మూడో చరణం దగ్గర తడబడితే నేను తొట్టి దగ్గర్నుంచి మాట అందించాను. రేవుగాలికి చీరలు తెరచాపల్లా ఉబ్బుతుంటే వాళ్ళ పాట ఎదురు మేడల దాకా వెళ్ళింది.

అయిదున్నరకు ఆరు చీరలు తెల్లగా ఆరాయి. ఏడోదాని మీద పసుపు దారం లాంటి గీత ఉండిపోయింది. పెద్దక్క దాన్ని మడిచి చంకలో పెట్టుకుంది. "ఇది నాది. కుచ్చిళ్ళలోకి పోద్ది. దేవుడికొక్కడికే తెలుత్తాది, ఆయనెవరికీ సెప్పడు."

మర్నాడు తూర్పు తేలేసరికి ఏడుగురూ ఒకే తెలుపులో నిలబడ్డారు. నేను పాట విన్నదాని కంటే పెద్దక్క కుచ్చిళ్ళు చూసిందే ఎక్కువ.

సోమవారం కొట్టుకు వెళితే, అతను ఏమీ అడగకుండా ఖరీదైన చుట్ట తీశాడు.

"ఇనుం గురించేటైనా సెప్పమంటావా అక్కా?"

"వద్దు బాబూ, కొలిచియ్యి."

ఆ తీగే ఇప్పటికీ ఉంది. ఒక తుఫానుకు నీళ్ళ ట్యాంకు మూత ఎగిరిపోయింది గానీ తీగ కదల్లేదు. ఏటా ఈస్టర్ ముందు ఏడు చీరలూ దాని మీదే ఆరతాయి. ఇప్పటికీ తుడిస్తే గుడ్డకు ఎర్రగా అంటుతుంది. గోరుతో ఒకసారి గీకి చూస్తాను. దుమ్మే.