అరవడం నేర్పిన పీచుమిల్లు

నిన్న మా జూనియర్ కాలేజీ ఒకేషనల్ పిల్లల్ని నెల రోజుల ట్రైనింగుకి పంపే ముందు, జాగ్రత్తలు చెప్పమని ప్రిన్సిపాల్ గారు నన్ను నిలబెట్టారు. క్లాసులో పాఠమైతే ఎలాగో చెప్పేస్తాను కానీ, వరండాలో అందరి ముందూ మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ గొంతు పెగలదు. వెనక నుంచి ఒక పిల్ల "వినపడటం లేదండీ" అంది. ఆ మాటతో తొంభైల్లో నేను ట్రైనింగు చేసిన కొత్తపేట దగ్గరి పీచుమిల్లూ, దాని యజమాని అయిన మా దూరపు బాబాయిగారూ గుర్తుకొచ్చారు.

మిల్లు బాబాయిగారిది కాబట్టే మా నాన్నగారు నన్ను పంపడానికి ఒప్పుకున్నారు. ట్రైనింగుకి వెళ్ళింది మేం నలుగురు ఆడపిల్లలం. కాలవగట్టు మీద రేకుల షెడ్డు, చుట్టూ కొబ్బరి డొక్కల గుట్టలు. నానిన డొక్కల పులిసిన వాసన ఎంతగా పట్టేదంటే, మధ్యాహ్నం క్యారేజీ విప్పితే పప్పు కూడా అదే వాసన వేసేది. లోపల డొక్కల్ని చీల్చి పీచు తీసే యంత్రం, దాన్ని తిప్పే జానెడు వెడల్పు బెల్టు. మమ్మల్ని చూసుకునే బాధ్యత మేస్త్రిగారిది. ఆయన ఎంత మర్యాదస్తులంటే, మోటారు ఆపేటప్పుడు దాని అనుమతి కూడా తీసుకుంటారేమో అనిపించేది. మొదటి వారంలోనే నా స్నేహితురాలి చున్నీ కొస బెల్టు వైపు ఎగిరింది. మేస్త్రిగారు చూశారు. "అమ్మాయిగారండీ, ఏమీ అనుకోకండి, తమరి చున్నీ కాస్త..." అని ఆయన వాక్యం పూర్తిచేసేలోగా చున్నీ మొత్తం లోపలికి పోయింది. పిన్ను పెట్టుకోలేదు కనక పిల్ల మిగిలింది.

బాబాయిగారు అందర్నీ పిలిచారు. "అండీలు గేటు దగ్గరే వదిలేసి రండి. బెల్టు దగ్గరికి ఎవరెళ్ళినా ఆగరా, ఆగవే అని అరవాలి. చిన్నా పెద్దా లేదు." మర్నాటి నుంచి పనికి ముందు అరుపుల సాధన. మేస్త్రిగారు కళ్ళు మూసుకుని "ఆగవే... అమ్మా" అనేవారు. నా వంతు వస్తే పెదాలు మాత్రం కదిలేవి. "నువ్వరిచేలోగా మేం పీచైపోతామే" అనేది చున్నీ పోయిన పిల్ల. నేనూ నవ్వేదాన్ని. కానీ నా నోరు లేవక ఎవరి చెయ్యి పోతుందోనని రోజూ డైరీలో రాసుకునేదాన్ని.

ట్రైనింగు చివర్లో మా లెక్చరరు గారు చూడటానికి వచ్చారు. బాబాయిగారు మెడ చుట్టూ జరీ కండువా వేసుకొచ్చి, తన మిల్లులో ఆడపిల్లలు ఎంత క్షేమమో వివరిస్తూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. వెనక బెల్టు తిరుగుతోంది. కండువా కొస అప్పటికే దాని గాలికి ఊగుతోంది. మేస్త్రిగారు నోరు తెరిచి "అయ్యగారండీ..." దగ్గరే ఉండిపోయారు.

"ఆగరా!"

షెడ్డంతా మోగింది. బాబాయిగారు ఉన్నచోటే కొయ్యబారిపోయారు. మేస్త్రిగారు మోటారు ఆపేశారు. కండువాకీ బెల్టుకీ మధ్య బెత్తెడు దూరం. అందరూ నా వైపు తిరిగాక గానీ ఆ అరుపు నాదని నాకు తెలియలేదు.

బాబాయిగారు కండువా తీసి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "నన్నేనా అమ్మాయ్, రా అన్నావు?"

"ఆయ్" అన్నాను, మళ్ళీ పాత గొంతుతోనే.

"మా నాన్నగారు పోయేక నన్నలా అరిచినోళ్ళు లేరమ్మా" అని, ఆయన మేస్త్రిగారి వైపు తిరిగి, "చూసి నేర్చుకోవయ్యా" అన్నారు.

"చిత్తమండీ" అన్నారు మేస్త్రిగారు.

బాబాయిగారు ఇప్పుడు లేరు. మనల్ని కేకేసి ఆపగలిగినవాళ్ళని కాలం ఒక్కొక్కరినే తీసుకుపోతుంది. మర్యాదగా పిలిచేవాళ్ళు మాత్రం ఏటికేడూ పెరుగుతూ ఉంటారు.