మామ్మకు అందని వెండి గిన్నె

నిన్న షాపులో వాటర్ ఫిల్టర్ చూపిస్తూ, "ఇందులో వెండి ఉందండీ, క్రిములు చచ్చిపోతాయి" అన్నాడు షాపతను. నాకు మామ్మ గుర్తొచ్చింది.

అనకాపల్లిలో మా మంచినీళ్ల కుండ అడుగున మామ్మ వేసిన వెండి బిళ్ళ ఉండేది. నీళ్లు పాడవకుండా మీ ఇళ్లలోనూ వేసేవారు కదా? తడిమట్టి వాసనతో ఆ నీళ్లు ఎంత చల్లగా ఉండేవో!

నేను హైస్కూల్లో ఉండగా మామ్మకు టీబీ వచ్చి, మందులతో పూర్తిగా నయమైంది. అయినా చర్చిలో ప్రభు బల్ల రోజున, అందరూ ద్రాక్షరసం తాగే ఒకే వెండి గిన్నెలో ఆమె తర్వాత తాగడానికి జనం జంకేవారు. ఒక ఆదివారం ఆమెకు మాత్రం వేరే ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు.

"అది ఎండి గిన్నె కదా అయ్యగారూ, దానికి జబ్బు అంటుకుంటాదేటి?" అంది మామ్మ.

"ఏటీ అనుకోకమ్మా, అందరూ భయపడతన్నారు" అన్నారు పాస్టరుగారు.

మామ్మ తాగకుండానే కప్పు తిరిగిచ్చేసి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ఎంత పిలిచినా బల్ల దగ్గరికి రాలేదు.

ఆమె పోయిన కొన్నాళ్లకు చర్చిలో అందరికీ ప్లాస్టిక్ కప్పులే వచ్చాయి. ఆ రోజు నాన్న తన కప్పును చేతిలో తిప్పి చూశాడు.

"ముందే అందరికీ ఇలాగ ఇచ్చుంటే, అమ్మ కూడా తాగీది" అన్నాడు.