గుంతలో బిందెడు నీళ్లు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. బరువు తట్టుకోలేక రాస్తున్నానని అనుకోకండి. తట్టుకోవడం అలవాటైపోయింది, అదే నన్ను భయపెడుతోంది. తింటున్నాను, నిద్రపోతున్నాను, నలుగురిలో నవ్వుతున్నాను. అక్కడ, టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక గూడెంలో, ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే బోరింగు దగ్గర బిందెడు నీళ్లు పట్టుకొచ్చి ఇంటి వెనక ఒక గుంతలో పోస్తున్నాడు. ఒకప్పుడు చేసిన తప్పు మళ్లీ చేయకూడదని పోస్తున్నాడు. ఆ తప్పు ఆయనది కాదు. నాది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. వాళ్ల పేర్లు మార్చాను. మిగతాది ఎలా జరిగిందో అలాగే రాస్తాను, మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే మీరే పట్టుకోండి.

మాది మధిర. ఖమ్మం హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు సుగుణ నా గదిలో ఉండేది. కోయ అమ్మాయి. నాకంటే రెండేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది. నేను "వచ్చాడు" అంటే చాలు, "వచ్చిండు అనక్కా, నోరేం అరిగిపోదు" అని ఆటపట్టించేది. సెలవులకి వాళ్ల గూడెం తీసుకెళ్లేది. వాళ్ల నాన్న జోగయ్యని నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు, సొంత కూతురిని పిలిచినట్టే.

చదువయ్యాక నేను ఖమ్మంలోనే ఒక కంప్యూటర్ షాపులో చేరాను. విడిభాగాలు ఎంచి, కంప్యూటర్లు బిగించడం నా పని. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వచ్చినవాళ్లు నా వెనకాల మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని తొంగిచూసేవాళ్లు. సుగుణ ఒక్కతే ఏ అనుమానమూ లేకుండా నమ్మింది. తను పెళ్లి వీడియోల మిక్సింగ్ పని నేర్చుకుంది. టేకులపల్లిలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు పని ఇస్తామన్నారు. ఇంట్లో కంప్యూటర్ ఒకటి ఉంటే ఎవరి కింద పని చేయక్కర్లేదు, గూడెం వదలక్కర్లేదు. జోగయ్య బాబాయ్ ఆ ఏటి పత్తి డబ్బు తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. కూతురు తెచ్చి నా చేతిలో పెట్టింది.

మధ్యరకం కంప్యూటర్. మరీ చవకదీ కాదు, మరీ ఖరీదైనదీ కాదు. నిజానికి మధ్యరకానికి భాగాలు ఎంచడమే కష్టం. డబ్బుంటే అన్నీ మంచివే తీసుకోవచ్చు, లేకపోతే దొరికినదానితో సరిపెట్టుకోవచ్చు. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం ఒకటి పెంచాలంటే ఇంకొకటి తగ్గించుకోవాలి. నాలుగు రోజులు కాగితం మీద రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ కూర్చున్నాను. వీడియో పని కాబట్టి ప్రాసెసర్ దగ్గర, ర్యామ్ దగ్గర రాజీ పడలేదు. గ్రాఫిక్స్ కార్డు మామూలుది చాలనుకున్నాను. రంగురంగుల లైట్లు వెలిగే క్యాబినెట్ వద్దన్నాను.

సుగుణ ఒక్కటే అడిగింది. రెండో హార్డ్ డిస్కు పెట్టొచ్చా, పెళ్లిళ్లన్నీ అందులో ఇంకో కాపీ వేసుకుంటానని. నేనే కొట్టేశాను. దానికంటే మంచి పవర్ సప్లై ముఖ్యమన్నాను. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటును తీసుకుని లోపలి భాగాలకి దేనికెంత కావాలో అంత పంచే ఇనుప డబ్బా అది. మీ వైపు కరెంటు ఒక తీరుగా ఉండదు, ఆ డబ్బా గట్టిదైతే మిగతావన్నీ పదికాలాలు బతుకుతాయి, డిస్కు తర్వాత చూద్దాం అన్నాను. "నాకేం ఎరుక అక్కా, నువ్వెట్లంటే అట్లనే" అంది.

జాబితా పూర్తయ్యాక ఒకసారి మొత్తం చదువుకున్నాను. అది నేను కొనుక్కోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్న కంప్యూటర్. ఒక్కో భాగాన్నీ ప్రేమతోనే ఎంచాను. ఆ ప్రేమలో ఈర్ష్య ఎప్పుడు కలిసిందో నాకు తెలియలేదు. తెలియలేదా, తెలిసినా పక్కకి నెట్టేశానా?

నా గదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. షాపు పని అయ్యాక దాని మీద శుభలేఖలూ కరపత్రాలూ టైపు చేసే డీటీపీ పని చేసుకునేదాన్ని. ఆ వారమే దాని పవర్ సప్లై చెడిపోయి, పని మధ్యలో టక్కున ఆగిపోతోంది. సుగుణ కంప్యూటర్ బిగించి రోజంతా నడిపి చూశాను. చప్పుడు లేదు, వేడి లేదు. మర్నాడు మధ్యాహ్నం షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. నాలుగు స్క్రూలు తీశాను, అంతే పని. ఆమె పవర్ సప్లై నా సంచిలోకి వెళ్లింది. చవక క్యాబినెట్లతో పాటు ఊరికే వచ్చే రకం ఒకటి మూల పడి ఉంటే దాన్ని అక్కడ బిగించాను. క్యాబినెట్ అడుగున రేకు మూత కింద ఉంటుంది కాబట్టి బయటికి కనపడదు. మంచిదాని ఖాళీ పెట్టె మాత్రం వారంటీ కార్డుతో సహా జాగ్రత్తగా సుగుణకే ఇచ్చాను. ఆమె దాన్ని అటక మీద దాచుకుంది.

ఒక్క నెల, నేనొకటి కొనుక్కోగానే సుగుణది సుగుణకి బిగించేస్తాను అనుకున్నాను. నెల దాటింది. గూడెం వెళ్లినప్పుడు మారుద్దాం అనుకున్నాను. వెళ్లినప్పుడు అందరి ముందూ ఎలా విప్పేది అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం మానేశాను.

మొదట కంప్యూటర్ పెట్టడానికి గూడెం వెళ్లింది కూడా నేనే. ఇంట్లో ఎర్తింగ్ లేదు, దారి తప్పిన కరెంటుని భూమిలోకి దింపే తీగ లేదు. ఉండి తీరాలని పట్టుబట్టాను. లోపల ఏం పెట్టానో నాకు తెలుసు కదా, ఆ భయమే అంత శ్రద్ధగా మాట్లాడించింది. ఇంటి వెనక గుంత తీసి, ఇనుప కడ్డీ దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేసి పూడ్చాలి, ఆ చోటు ఎప్పుడూ తడిగా ఉండాలి, రోజూ బిందెడు నీళ్లు పోయాలి అని చెప్పాను. జోగయ్య బాబాయ్ ఆ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. తన ఎత్తు గుంత తానే తవ్వాడు. వైరు లాగాక నేను బల్బు పెట్టి పరీక్షించాను. ఎర్తింగ్ సరిగా అందకపోతే బల్బు గుడ్డిగా వెలుగుతుంది. అది నిండుగా వెలిగింది. ఆయన పిల్లాడిలా నవ్వి, నడుముకున్న తువ్వాలతో చేతులు తుడుచుకుని, ఇంకోసారి వెలిగించమన్నాడు.

పది నెలలు బాగానే నడిచింది. సుగుణ పేరు చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. వేసవి పెళ్లిళ్లు మొదలయ్యాయి. మూడు పెళ్లిళ్ల వీడియోలు ఆమె డిస్కులోకి ఎక్కించి, కెమెరా కార్డులు ఖాళీ చేసి ఫొటోగ్రాఫర్లకి తిరిగి ఇచ్చేసింది. అందరూ చేసేదే. ఒక పొద్దున స్విచ్ వేయగానే టప్‌మని చప్పుడు, పొగ. నాకు ఫోన్ వచ్చింది. బస్సులో వెళ్తున్నంతసేపూ ఏం చూడబోతున్నానో నాకు తెలుసు.

మూత తీయగానే కాలిన వాసన కొట్టింది. ఆ చవక డబ్బా పోతూ పోతూ మదర్‌బోర్డునీ డిస్కునీ తీసుకుపోయింది. సుగుణ అటక మీంచి ఆ ఖాళీ పెట్టె దించి తెచ్చింది. వారంటీ ఉంది కదక్కా, అడుగుదాం అంది. పెట్టె మీదున్న నంబరు లోపలి డబ్బా మీద ఉండదు. అప్పుడు జోగయ్య బాబాయ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది బిడ్డా? పనికొస్తదా?"

"ఎర్తింగ్ అందలేదు బాబాయ్. అందకపోతే ఇంతే. వారంటీ కూడా రాదు."

"గుంత నేనే తీసిన. ఉప్పు, బొగ్గు నువ్వు చెప్పినట్లే ఏసిన గద."

"నీళ్లు పోస్తున్నారా?"

ఆయన వేళ్లు మడుస్తూ ఏదో లెక్క చూసుకున్నాడు.

"తునికాకు కోతకు పోయిన. నాలుగు దినాలు పొయ్యలే బిడ్డా." గొంతు తగ్గింది. "నాలుగు దినాలకే గిట్లయితదా?"

"అవుతుంది బాబాయ్."

ఆ మాట నేనే అన్నాను. నా సంచిలో బల్బు ఉంది. తీసి పెట్టి ఉంటే నిండుగా వెలిగేది. నాలుగు రోజులు నీళ్లు పోయకపోతే ఆరిపోయే గుంత కాదది. నేను బల్బు తీయలేదు. నెపం నెట్టడానికి ఒక తప్పు వెతుక్కుంటూ నేను అల్లాడుతుంటే ఆయనే తనకి తెలియకుండా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను.

సుగుణ తండ్రివైపు తిరిగి కోయలో ఏదో అంది. ఒక్క వాక్యమే. ఆయన తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. ఏమన్నావని ఆ రోజు అడగలేదు. చాలా రోజుల తర్వాత తనే చెప్పి ఏడ్చింది. "నీళ్లు పొయ్యడం కూడ చాతకాదా నీకు" అందట. పుట్టి బుద్ధెరిగాక వాళ్ల నాన్నని అలా అనడం అదే మొదటిసారట. పక్కనే కూర్చుని వీపు నిమిరాను. ఓదార్చాను కూడా. ఎంత గుండె ఉండాలి దానికి?

డిస్కు హైదరాబాద్ పంపితే ఏమీ రాలేదని తిప్పి పంపారు. సుగుణ మూడిళ్లకూ వెళ్లి చేతులు జోడించింది. మూడో ఇంట్లో పెళ్లికూతురి తండ్రి, పెళ్లయిన పదిహేను రోజులకే గుండె ఆగి పోయాడు. ఆ తల్లి కోప్పడలేదు. మిక్సింగ్ వద్దు, పాటలు వద్దు, మా ఆయన అక్షింతలు వేసిన ఆ కాస్త ఒక్కసారి చూపించమని అడిగింది. అది ఎక్కడా లేదు. సుగుణ ఇంటికొచ్చి కీబోర్డు గోనెసంచిలో చుట్టి పెట్టేసింది. మళ్లీ ఆ పని ముట్టుకోలేదు. ఇప్పుడు వైరాలో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. పెళ్లయింది, భర్త బాగానే చూసుకుంటాడు. బాగానే ఉంది అని నాకు నేను చెప్పుకోవడానికి ఇన్ని వివరాలు కావాల్సి వస్తోంది చూశారా.

రెండో డిస్కు ఉంటే ఆ పెళ్లిళ్లు మిగిలేవి. మంచి పవర్ సప్లై ఉంటే రెండో డిస్కు అవసరమే ఉండేది కాదు. ఒకటి వద్దని కొట్టేసింది నేను. ఇంకొకటి ఎత్తుకెళ్లింది నేను. అవసరం కొద్దీ చేశానా? ఆ డీటీపీ పని నాలుగు రోజులు ఆపుకుంటే నాకేం ముంచుకొచ్చేది? సుగుణ నాకంటే ముందు వెళ్లిపోతుందని ఓర్వలేకపోయానా? ఎన్నిసార్లు తవ్వినా ఒకే జవాబు రావడం లేదు. అబద్ధం మాత్రం ఎందుకు చెప్పానో స్పష్టంగా తెలుసు. దొరికిపోతానని.

మొన్న వేసవిలో సుగుణ కూతురి పుట్టువెంట్రుకలకి పిలిస్తే గూడెం వెళ్లాను. పొద్దున లేచేసరికి జోగయ్య బాబాయ్ బోరింగు దగ్గర్నుంచి బిందెతో వస్తున్నాడు. మోకాళ్లు వంగిపోయాయి, ఒక్కో అడుగూ ఆగి వేస్తున్నాడు. ఇంటి వెనక్కి వెళ్లి ఆ గుంత మీద మెల్లగా వంపాడు. కంప్యూటర్ పోయి ఆరేళ్లు. ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. తునికాకు కోతకు వెళ్లడం ఎప్పుడో మానేశాడని, పక్క ఊళ్లో పని ఉన్నా నీళ్లు పోసే పూటకి తిరిగి వచ్చేస్తాడని సుగుణ చెప్పింది. నన్ను చూసి తప్పు చేసినవాడిలా నవ్వాడు.

"ఇగ మర్సిపోను బిడ్డా."

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. బయటికొచ్చింది మాత్రం వేరే.

"మంచిదే బాబాయ్. పొయ్యండి."

ఆ రోజు నుంచి నన్ను నేను ఒకటే అడుగుతున్నాను. ఆరేళ్ల కిందటి అబద్ధం భయంతో చెప్పాను. ఇది ఎందుకు చెప్పాను?

ఇంకొక్కటి మిగిలింది. ఇది రాస్తున్న కంప్యూటర్‌లో బోర్డు మార్చాను, ర్యామ్ మార్చాను, డిస్కు రెండుసార్లు మార్చాను. కాళ్ల దగ్గర, క్యాబినెట్ అడుగున ఉన్న డబ్బా మాత్రం మార్చలేదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కరెంటు ఎగసిపడిందో. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. అంత మంచిది ఎంచాను సుగుణకి.

ఇది సుగుణకి చూపిస్తానో లేదో తెలియదు. చూపిస్తాను అని మాట ఇచ్చి మీ ముందు మంచిదాన్ని అయిపోవాలని లేదు. చూపిస్తే తను నన్ను క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు, క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. రాసినందుకు ఛాతీలో ఒక చోట కాస్త గాలి ఆడుతున్నట్టుంది, అంతే. రేపు పొద్దున కూడా ఆయన బిందె పట్టుకుని బయల్దేరతాడు.

ఆ గుంత సరిగ్గానే తవ్వారు బాబాయ్. నాలుగు రోజులు నీళ్లు పోయకపోయినా ఏమీ కాదు. బల్బు నిండుగానే వెలిగేది.