కొట్టినవాడి పోగు

ఖచ్చితంగా తెలిసినవి ముందు చెబుతాను. మా తోడల్లుడు, అంటే నా భార్య అక్క భర్త, వేటకని న్యూజిలాండ్ వెళ్లి పది రోజుల తరవాత సింగపూర్ తిరిగి వచ్చాడు. వస్తూ ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చాడు. అందులో గడ్డకట్టిన ఎర్రటి తొడ మాంసం ఉంది. ప్యాకెట్ల మీద జింక మాంసమంటూ అక్కడి మాంసపు కర్మాగారం చీటీ ఉంది. ఇంతవరకు కళ్లారా చూశాను. ఇక విన్నవి: ఆ జింకను కొండవాలులో అతనే కాల్చాడని, ఒక్క గుండుకే అది కూలిందని, విమానాశ్రయంలో అధికారి కాగితాలు చూసి మెచ్చుకున్నాడని. ఈ మూడింటికీ సాక్షి ఒక్కడే, మా తోడల్లుడే.

అతను రెండు ఫోటోలు చూపించాడు. ఒకదాంట్లో తుపాకీతో అతనున్నాడు, జింక లేదు. రెండోదాంట్లో జింక ఉంది, అతను లేడు.

నాది అసూయ. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. అప్పుడు మా మామగారు అనంతపురం నుంచి వచ్చి సింగపూర్‌లోనే టోవా పాయో పేటలో పెద్దల్లుడి ఇంట్లో ఉన్నారు. చిన్నతనంలో తండ్రి వెంట కుందేళ్ల వేటకు తిరిగిన మనిషి. వేటను నిషేధించే చట్టం వచ్చాక తుపాకీ పోయింది గాని, ఆ రుచి మాత్రం నాలుక మీద మిగిలిపోయింది. పదహారేళ్లుగా ఆయన మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చూసిపెట్టేది నేను. రక్తపరీక్షల కాగితాలు చదివి చెప్పేది నేను. ఒక్కనాడు కూడా ఆయన నావైపు కుర్చీ తిప్పుకొని కూర్చోలేదు. ఆ ఆదివారం మేము సెంగ్‌కాంగ్‌లోని మా ఇంటి నుంచి వెళ్లేసరికి ఆయన కుర్చీ పెద్దల్లుడివైపు తిరిగి ఉంది.

వంటింటి నేలమీద ప్లాస్టిక్ కవర్లు పరిచి, మామగారు స్వయంగా మాంసం కోసి మూడు పోగులు పెట్టారు: పెద్దల్లుడికి ఒకటి, నాకు ఒకటి, ఆ పూట వంటకు ఒకటి. వాళ్ల వైపు ఒక పద్ధతుంది. వేట కొట్టినవాడికి తొలి పోగు. దాంట్లో తొడ నడిమి ముక్క తప్పకుండా పడాలి.

"కొట్టినోనికే తొలి పోగు. తీసుకోప్పా," అంటూ పెద్దల్లుడివైపు జరిపారు.

నేను ఆగలేకపోయాను. "అన్నా, గుండు ఎక్కడ తగిలింది?"

"మెడకి, తమ్ముడూ."

"మరి ఈ చీటీ కర్మాగారానిది కదా?"

"రూలు అట్లుంది. మనం కొట్టింది మనమే కోసుకొని తెస్తే ఇక్కడ రానీరు. వాళ్లకిస్తే కోసి, ప్యాక్ చేసి, కాగితమిస్తారు."

సొంతంగా కోసిన మాంసాన్ని సంచిలో వేసుకొని రానివ్వరన్నది నేను చదివిన మేరకు నిజమే. కాని ఆ కర్మాగారం ఇచ్చింది అతను కొట్టిన జింకనేనా, అరలో ఉన్న మరో జింకనా? చీటీ ఆ సంగతి చెప్పదు.

"తాతా, చిన్నాన్న పోలీస్ ఇంటరాగేషన్ చేస్తున్నాడు లా!" అంది తోడల్లుడి కూతురు, సింగపూర్ యాసలో. అందరూ నవ్వారు. మామగారు అందరికంటే గట్టిగా నవ్వారు.

నా ఉద్యోగం ఆహార పరీక్షశాలలో. ఒక మాంసపు ముక్క ఏ జంతువుదో తేల్చడం మా రోజువారీ పని. నా పోగులోంచి బొటనవేలంత ముక్కను చిన్న కవరులో వేసి జేబులో పెట్టుకున్నాను. ఖాళీ ప్యాకెట్ మీది చీటీని కూడా ఒలిచి తీసుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఆ పరీక్ష జంతువు జాతిని చెబుతుంది గాని కాల్చినవాడి పేరు చెప్పదు. ఇది నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. అయినా తీశాను. అది గొర్రెదో గొడ్డుదో అయితే బాగుండునని, ఏ నమూనా విషయంలోనూ కోరుకోనిది ఈ ఒక్కదాని విషయంలో కోరుకున్నాను.

"మా బావ జింకను తెస్తే నీకెందుకంత మంట?" అంది నా భార్య, రైల్లో.

"మంట కాదు, సందేహం."

"ఆహా. మొన్న ఆయన కొత్త కారు కొన్నప్పుడు కూడా సందేహమే కదా?"

సొంత పనికి పరీక్షశాలను వాడుకోవడం తప్పు. శిక్షణ నమూనాల వరుసలో దీన్ని కూడా చేర్చాను. ఫలితం గురువారం వచ్చింది. జింకే. అనుమానానికి ఏ మాత్రం తావు లేకుండా జింక. నాది తప్పని ఇంతకుముందు చాలా ఫలితాలు తేల్చాయి. వాటిలో ఏదీ నా మధ్యాహ్న భోజనం చెడగొట్టలేదు.

మామగారు ఊరికి వెళ్లేముందు రెండు రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఒక సాయంత్రం నేను ఆయన మాత్రలు డబ్బాలో సర్దుతుంటే, కుర్చీని నావైపు తిప్పుకున్నారు.

"ఆ ముక్క ఏం చెప్పింది?"

ఆ రోజు ఆయన చూశారన్నమాట. "జింకే మామా."

"అది నా నాలిక ఆ పొద్దే చెప్పింది. దానికి నీ మిషనెందుకు? ఆయప్ప కొట్టినాడా ల్యాదా? అది చెప్పు."

పదహారేళ్లలో ఆయన తానుగా నన్ను ఒక మాట అడిగింది ఆ సాయంత్రమే. 'కొట్టలేదు' అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన నమ్మేవారు. నమ్మడానికి సిద్ధపడే కుర్చీ తిప్పుకున్నారు. కాని ఆ మాటకు నా దగ్గర ఆధారం లేదు.

"తెలీదు మామా."

"ఇంత సదువు సదివి తెలీదంటావేందప్పా," అని కుర్చీని మళ్లీ టీవీవైపు తిప్పేసుకున్నారు.

కాబట్టి అతను కొట్టాడా లేదా అన్నది నేటికీ తేలలేదు. తేల్చే దారి లేక కాదు. ఆ చీటీ నా పర్సులోనే ఉంది, దాని మీద కర్మాగారం నంబరు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయి. ఆ రోజు వాళ్లకు ఏ వేటగాడు జింకను అప్పగించాడో అడుగుతూ నాలుగు వాక్యాల మెయిల్ రాసి పెట్టుకున్నాను, అక్షరదోషాలు కూడా దిద్దాను. పంపలేదు. జవాబు 'అవును, అతనే' అని వస్తే, ఆ మాటను అనంతపురానికి ఫోన్ చేసి మామగారికి చెప్పాల్సింది నేనే.