ఒప్పుకోని నోరు

సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసే ఆ మనిషిని డిపోలో అందరూ హారనక్క అంటారు. ఒకసారి బస్సు హారను పాడైతే, అది బాగయ్యేదాకా ముందు మెట్టు మీద నిలబడి అరిచి ట్రాఫిక్కును తప్పించిందామె. తర్వాత హారను బాగయింది గానీ పేరు మాత్రం ఉండిపోయింది. ఆమె డ్యూటీలో ఉన్న రోజు డ్రైవరు హారను జోలికే పోడు, ఇద్దరెందుకు దండగని.

ఆ నోరు మూయించాలని చూసినవాళ్లు తక్కువమందేమీ కాదు. ఆడపిల్లకి అంత నోరు పనికిరాదని తండ్రి కేకలేశాడు. బడిలో పంతులు బెంచీ ఎక్కించాడు. బెంచీ మీద నుంచి ఆమె మాట ఇంకా దూరం వినిపించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వెనక సీట్లోంచి ఎవడో ఈల వేస్తే, వాడు దిగితేగానీ బస్సు కదలదని నడిరోడ్డు మీద ఆపించింది. చివరికి ప్రయాణికులే వాణ్ణి మెడపట్టి దింపారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ సామెత మీద నాకంత నమ్మకం లేదు. ముందు ఊరు ఎలాంటిదో చూసుకుని, దానికి తగ్గ నోరు పెట్టుకోవడమే తెలివి. హారనక్క ఆ తెలివితోనే బతికింది.

ఇంట్లో మొగుడు నోట్లో నాలుక లేని మనిషి, టైర్ల కొట్లో పనిచేస్తాడు. అతని అన్నగారు ఇంటికి పెద్ద. ఆయన భార్యకూ హారనక్కకూ ఒకటే వంటగది, ఆ వంటగదికి ఒకటే కిటికీ. పొగ పోవాలని హారనక్క దాన్ని తెరుస్తుంది. పిల్లి దూరుతుందని తోటికోడలు మూస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో మొదలైన ఈ తగాదా, పిల్లలు కాలేజీలకెళ్లే వయసొచ్చినా తెగలేదు. ఇన్నేళ్లలో ఒక్క రోజైనా హారనక్క తోటికోడలితో "అవును, నీదే నిజం" అన్న పాపాన పోలేదు.

జబ్బు కూడా తగాదాలోనే బయటపడింది. గడువు దాటిన పాసు చూపించి ఒక ప్రయాణికుడు దబాయిస్తుంటే, ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఏమనాలో తెలుసు, కానీ ఆ మాట ఏదో గోడకు అవతల ఉన్నట్టుంది. ప్రయాణికుడు గెలిచి, దర్జాగా వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. డ్రైవరు అద్దంలో చూసి బస్సును పక్కకు తీశాడు.

"ఏంటక్కా, వాణ్ణి ఊరికే వదిలేశావ్? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. అతనికి నిజంగానే భయమేసింది.

కాసేపటికి మాట తిరిగొచ్చింది గానీ, స్కానింగులో తేలిందేమిటంటే, మెదడులో ఎడమవైపు, మాట పుట్టే చోటును ఆనుకుని ఒక గడ్డ. ముందు చూపించుకున్న చిన్న ఆసుపత్రి డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. మత్తిచ్చి గడ్డ తీసేస్తే ప్రాణానికి మంచిదే, కానీ దాంతోపాటు మాట పోయినా పోవచ్చు అన్నాడు. ఇంకో పద్ధతి పెద్ద బోధనాసుపత్రిలో ఈమధ్యే మొదలుపెట్టారనీ, అక్కడ రోగిని మేలుకొనే ఉంచి చేస్తారనీ కూడా చెప్పాడు.

"తల తెరిచి మేలుకొని ఉండటమేంటి, విడ్డూరం కాకపోతే!" అన్నారు బావగారు. "మత్తిచ్చే చేయించుకుందాం. ప్రాణం ఉంటే చాలదా? మాటదేముందమ్మా, ఇన్నాళ్లూ మాట్లాడావు కదా!"

ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో కాస్త ఊరట కనిపించింది, అబద్ధమెందుకు.

"బావగారూ," అంది హారనక్క, "మాట లేని నన్ను తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే, బతికించినట్టా, బొమ్మ కొనుక్కున్నట్టా? నేను మేలుకునే ఉంటా. నా నోటికి ఏమవుతుందో నా ఎదురుగానే అవ్వాలి."

బావగారు తమ్ముడి వైపు చూశారు. నోట్లో నాలుక లేని ఆ తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "తల తనది అన్నయ్యా. తననే చెప్పనివ్వు," అన్నాడు. అంత పొడుగు మాట అతని నోటి నుంచి విని చాలాకాలమైంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

బోధనాసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరమ్మ నింపాదిగా వివరించింది. మెదడుకు నొప్పి తెలియదు. తల పైన చర్మానికి మాత్రం మత్తు సూదులు వేస్తారు. గడ్డ తీసే ముందు, చుట్టుపక్కల ఒక్కో చోటా సన్నటి కరెంటు తాకిస్తారు. తాకించినంతసేపు ఆ చోటు పని ఆగిపోతుంది. అప్పుడు మాట తడబడితే, అది ముట్టుకోకూడని చోటని గుర్తు. తడబడకపోతే కోయవచ్చు. కాబట్టి ఆపరేషను సాగినంతసేపూ రోగి మాట్లాడుతూనే ఉండాలి.

"మాట్లాడుతూనే ఉండాలా?" హారనక్క మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఇన్నాళ్లకి ఒక డాక్టరు సరైన మందు రాసింది."

మాట పరీక్షించే బాధ్యత స్పీచ్ థెరపిస్టు అమ్మాయిది. ఆమె దగ్గర బొమ్మల అట్టలున్నాయి. గొడుగు, తాళంచెవి, పిల్లి. హారనక్క అన్నీ గడగడా చెప్పేసి ఆవులించింది. బస్సు స్టాపులన్నీ వరుసగా చెబుతానంది. అది కుదరదంది ఆ అమ్మాయి. రోజూ చెప్పే వరుస అలవాటుమీద వచ్చేస్తుంది, మాట పుట్టే చోటు దెబ్బతిన్నా అది మిగిలిపోవచ్చు. అట్టలకు దొరకని లోపాలు మామూలు సంభాషణలో దొరుకుతాయేమోనని ఆ అమ్మాయి పరిశోధన చేస్తోంది. అప్పటికప్పుడు పుట్టే మాట కావాలి ఆమెకు.

"అప్పటికప్పుడు పుట్టే మాటంటే తగాదాయే కదమ్మా. రా, పెట్టుకుందాం."

అమ్మాయి పాపం ప్రయత్నించింది. "మీరు కొంచెం ఎక్కువ మాట్లాడుతున్నారు," అని, వెంటనే "సారీ అండీ" అంది. దీనితో పని జరగదని హారనక్కకు అర్థమైపోయింది. తోటికోడలిని పిలిపించమంది. ఆసుపత్రి పెద్దలు కూర్చుని ఆలోచించి, ఆపరేషను గది పక్కన అద్దాల గదిలో మైకు ముందు ఆమెను కూర్చోబెట్టడానికి ఒప్పుకున్నారు.

తోటికోడలు మాత్రం ఒప్పుకోలేదు. "తల తెరిచి ఉన్న మనిషిని తిట్టమంటారా? నన్నేమనుకుంటున్నారు మీరంతా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అక్కా, ఇన్నాళ్లూ ఊరికే తిట్టావు. ఇప్పుడు పని పడింది, తిట్టు," అంది హారనక్క. ఆ గొంతులో వణుకు తోటికోడలికి ఒక్కదానికే తెలిసింది. అందుకే సరేనంది.

ఆపరేషను రోజు గుండు కొడతారనుకుంటే చెవి మీదుగా సన్నటి పాయ మాత్రం గొరిగారు. తల కదలకుండా బిగించారు. పనిముట్టు తలలో ఎక్కడుందో తెరమీద చుక్కలా కనిపిస్తోంది. దాన్ని చూస్తూ శిక్షణలో ఉన్న డాక్టర్లు గోడవార నిలబడ్డారు. తల తెరిచేటప్పుడు ఇచ్చిన తేలికపాటి మత్తు దించి హారనక్కను పూర్తిగా మేలుకొలిపాక, ముందు అట్టలయ్యాయి. తర్వాత స్పీకరులో తోటికోడలి గొంతు వినిపించింది.

"కిటికీ మూసేసి వచ్చాను."

"తెరువు. నీ పోపు ఘాటుకి పిల్లులెప్పుడో వీధి దాటిపోయాయి."

"నా గొడుగు పోగొట్టావు."

"అందులో బట్ట తక్కువ, చిల్లులెక్కువ. పోయి బతికిపోయింది."

"నీ బస్సు ఏ రోజు టైముకొచ్చింది?"

"నువ్వు ఏ రోజు టైముకి స్టాపులో ఉన్నావు?"

గోడవార ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ తలెత్తకుండానే కసిరింది. పని సాగింది. కరెంటు తాకించే ముల్లు చోటు మారుతూ పోయింది, గడ్డ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. చివరికి వెనకవైపు అంచు మిగిలింది. డాక్టరమ్మ అక్కడ ముల్లు ఆనించింది.

"కిటికీ మూసుంటేనే మంచిది," అంది తోటికోడలు. "నేనన్నదే నిజం."

"అవునక్కా. నువ్వన్నదే నిజం."

మాట స్పష్టంగా ఉంది, తడబాటు లేదు. థెరపిస్టు అమ్మాయి బాగుందన్నట్టు తలూపింది. డాక్టరమ్మ కత్తి అందుకోబోయింది.

"ఆపండి!" స్పీకరు బద్దలయ్యేలా అరిచింది తోటికోడలు. "డాక్టరమ్మా, ఆపండి! అది ఒప్పుకుంది!"

"ఒప్పుకుంటే మంచిదే కదండీ?" అంది అమ్మాయి, అర్థంకాక.

"మంచేంటమ్మా! అది ఒప్పుకునే మనిషి కాదు. ఆ మాట తనది కాదు!"

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ముల్లు తీసింది. అంతలో ఆపరేషను బల్లమీద నుంచి గొంతు లేచింది. "ఎవరిది నిజం? పిల్లి పేరు చెప్పి ఇల్లంతా పొగ పట్టించావు కదక్కా!"

అద్దం వెనక తోటికోడలు బల్లమీద తలపెట్టి ఏడ్చేసింది. డాక్టరమ్మ ఆమెను ఇంకోసారి అనమంది. ఎవరికీ చెప్పకుండా అదే చోట మళ్లీ ముల్లు ఆనించింది. "సరేలే అక్కా, నీ ఇష్టం," అంది హారనక్క ఎంతో మర్యాదగా. డాక్టరమ్మ ముల్లు తీసింది. "నీ ఇష్టమేంటి, ఇల్లు నీ ఒక్కదానిదా?" ఇక అనుమానం లేదు. కావాల్సిన మాట అందక, నోటికి ఏది దొరికితే అది వచ్చేస్తోంది. డాక్టరమ్మ ఆ చోట గుర్తు పెట్టి, అంతటితో కోత ఆపేసింది.

తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. వాపు వల్ల మాట కూడబలుక్కోవాల్సి వచ్చింది. గొడుగు బొమ్మ చూసి గొడుగనలేక, హారనక్క అట్టను విసిరికొట్టింది. మళ్లీ తనే తెచ్చివ్వమని సైగ చేసింది. బావగారు చూడ్డానికొచ్చి, "నేను ముందే చెప్పాను కదమ్మా," అని మొదలుపెట్టబోయారు. ఆమె శక్తినంతా కూడదీసుకుని ఒక్క మాట అంది. "పోండి." అదీ గౌరవంగానే.

మాట తిరిగొచ్చింది. మొదట నత్తలా, తర్వాత బస్సులా, చివరికి ఎప్పటిలా. ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ ఒక సంగతి దాచకుండా చెప్పింది. గుర్తు పెట్టిన చోట గడ్డ కొంచెం మిగిలి ఉంది, అప్పుడప్పుడూ స్కాను తీసి చూసుకుంటూ ఉండాలి.

"ఉండనీయండి," అంది హారనక్క. "నా బస్సులో టికెట్టు లేకుండా ఎవడూ ఎక్కువ దూరం పోలేదు. తనిఖీ చేస్తూనే ఉంటా."

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు ఇలాంటి ఆపరేషనుకు ముందు శిక్షణ డాక్టర్లు రోగి ఇంటివాళ్లను తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతున్నారట. ఈ మనిషి చచ్చినా అనని మాట ఏది? చాలా ఇళ్లలో సమాధానం వెంటనే వస్తుందట.

హారనక్క ఇంటికొచ్చేసరికి వంటగది కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆమె కాసేపు చూసింది. తర్వాత తోక తొక్కిన తాచులా లేచింది.

"ఏంటిది? నేను పోతాననుకున్నావా, నా మీద జాలిపడి తెరిచావు? మూసెయ్ అక్కా! నేను తెరుచుకుంటాను, నువ్వు మూసుకో. అలాగే ఉండాలి."

"ఏమ్మా, మంచికి పోతే..."

"మంచికి ఎవరు పొమ్మన్నారు? ఇది విను. ఇకమీదట నీ మాటకి నేను అవునన్నానంటే సంబరపడిపోకు. డాక్టరమ్మకి ఫోను చెయ్."

ఆ పని తోటికోడలు నెత్తిన వేసుకుంది. హారనక్క మళ్లీ డ్యూటీలో చేరింది. పొద్దున్నే ఆమె యూనిఫారం వేసుకుని వంటగదిలోకి రాగానే, తోటికోడలు ఏదో ఒకటి అని గిల్లుతుంది. జవాబు వచ్చాకే తన పనిలో పడుతుంది. మొన్న ఒక పొద్దున కూడా అలాగే, "కిటికీ మూసుంటేనే ఇంటికి అందం," అంది.

జవాబు రాలేదు. హారనక్క అటు తిరిగి కిటికీ దగ్గర నిలబడి ఉంది. తోటికోడలు స్టవ్వు ఆపేసింది. ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా. చప్పుడు లేదు. ఫోను అందుకుని డాక్టరమ్మ నంబరు వెతకసాగింది.

హారనక్క గుటక వేసి ఇటు తిరిగింది.

"ఆ ఫోను అక్కడ పెట్టు. నోట్లో వేడి కాఫీ ఉంది. మింగాక తిడతాను."