సాల్కిన్ ఎజె ఫోల్డరుకు ఓనరెవరు?

తన పిల్లల చిన్ననాటి ఫొటోలన్నీ పోయాయని తెలిసిన రోజున సాల్కిన్ ఎజె ఎవరినీ ఏమీ అనలేదు. కంప్యూటర్ ఆపి, దానిమీద ఎప్పటిలాగే కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, కిండర్‌గార్టెన్‌కు వెళ్ళి పిల్లలకు నూడుల్స్ సూప్ వండింది. సూప్‌లో ఉప్పెక్కువైందని పెద్ద టీచరమ్మ అంటే, నిజమేనని ఒప్పుకుంది.

ఆమె ఏళ్ళ తరబడి ఫొటోలు దాచుకున్న క్లౌడ్ కంపెనీ మా కిర్గిజ్ దేశంలో దుకాణం ఎత్తేసింది. ఫలానా తేదీలోగా మీ సామాను తీసుకుపొమ్మని ముందే చెప్పిందట. చెప్పింది ఇంగ్లీషులో. ఆ మెయిలు బరువు తగ్గించే టీ ప్రకటనల మధ్య ఎక్కడో పడి ఉంది. మా ఊరు అట్-బాషీలో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేకపోలేదు, కానీ వాళ్ళ ఫొటోలు అందులో లేవు. అద్దెకున్నవాణ్ణి వెళ్ళగొట్టే ఇంటి యజమాని కూడా తలుపు తట్టి, మొహం చూపించి, మనకు అర్థమయ్యే భాషలో చెబుతాడు. ఈ కంపెనీకి ఆ పాటి కష్టం కూడా దేనికనిపించింది.

"వాళ్ళ చోటు, వాళ్ళిష్టం. మనం ఊరికేగా పెట్టుకున్నాం" అంది ఎజె. మాలో ఈ మాట అనేవాళ్ళు చాలామంది. ఊరికే వచ్చిందాని గురించి అడగకూడదని మాకెవరు నేర్పారో గానీ, బాగా నేర్పారు.

ఊళ్ళో అందరికీ ఆమె ఎజెయే, అంటే అక్కే. వృత్తి వంట. కానీ ఆమెకు పేరు తెచ్చింది వంట కాదు, ఏడుపు. ఎవరైనా పోతే ఆ ఇంటి ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాళ్ళ గుణగణాలు చెబుతూ పాడే కోషోక్‌లో ఆమెను మించినవాళ్ళు ఈ లోయలో లేరు. పాడటంతో సరిపెట్టుకోలేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లో ముసలమ్మల గొంతులు ఫోనులో పట్టేది. అన్నిటికంటే ముందు పట్టింది వాళ్ళమ్మ గొంతు, వాళ్ళ నాన్న పోయినప్పటిది. ఆ తర్వాత అమ్మ కూడా పోయింది. ఆ పాట ఇంకెక్కడా లేదు. ఫొటోలు పోయినప్పుడు ఎజె నోరు మూసుకుని ఉండగలిగిందంటే కారణం ఒకటే, పాటలు ఇంకా ఫోనులోనే ఉన్నాయి.

కానీ ఫోను ముసలిదైపోయింది, నిండిపోయింది కూడా. ఎజె కొత్త క్లౌడ్ వెతుక్కుని, పాటలన్నీ అందులోకి ఎక్కించి, ఫోనులోవి చెరిపేయాల్సి వచ్చింది. అప్పటికే పాటల మాటలు టైపు చేసుకునే ప్రోగ్రాము నెలనెలా అద్దె అడగడం మొదలుపెడితే, దాన్ని వదిలేసి ఊరికే దొరికే ఇంకోదానికి మారింది. అందులో మెనూలన్నీ ఎవరో పుణ్యాత్ములు కిర్గిజ్‌లోకి మార్చి పెట్టారు. 'భద్రపరచు' అనే మాట తెరమీద తన భాషలో కనిపించేసరికి ఎజె ఆ రోజు అవసరం లేనివి కూడా భద్రపరిచిందట. పాత ఫైళ్ళు తెరిస్తే మాత్రం, రష్యన్‌లో లేకుండా మా భాషలో ఉన్న అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించాయి. కూర్చుని ఒక్కొక్కటీ దిద్దుకుంది. ఇల్లు మారితే గిన్నెలు పగలవా అంది.

కొత్త క్లౌడ్‌లో కుటుంబమంతా కలిసి వాడుకునే ఫోల్డరు పెట్టుకోవచ్చు. ఈ సంగతి ఎజె ఒక పండగ భోజనం దగ్గర నోరుజారి చెప్పింది. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఆమె తోడికోడలు సోనున్ వెంటనే అడిగింది, ఆ ఫోల్డరుకు ఓనరెవరని. నేనే అంది ఎజె. సోనున్ చేతిలో మాంసం ముక్క కింద పెట్టి, అందరికీ వినపడేలా అంది.

"మన వంశంలో పోయినవాళ్ళందరి పాటలూ అందులో ఉంటే, వాళ్ళ నెత్తిన నువ్వు కూర్చుంటావా? పక్క జిల్లా నుంచి వచ్చిన కోడలివి. ఇంట్లో ఒమూర్‌కుల్ ఆతా ఉండగా?"

సోనున్ నిజానికి ఆ పేరు పలకలేదు. పలకకూడదు. భర్త వైపు పెద్ద మగవాళ్ళ పేర్లు మా కోడళ్ళు నోటితో అనరు, చేత్తో రాయరు. వాళ్ళిద్దరి భర్తలకూ పెదనాన్న అయిన ఆయన్ని ఆ ఇంటి కోడళ్ళు 'తెల్లగుర్రం ఆతా', అంటే తెల్లగుర్రం తాత, అంటారు. గుర్రం చచ్చిపోయి చాలా కాలమైనా పేరు నిలిచింది.

ఆతా ఎప్పటిలాగే తోర్‌లో, తలుపుకు ఎదురుగా లోపలి గోడ దగ్గర, పరుపుల మీద కూర్చుని ఉన్నారు. అక్కడ కూర్చునే హక్కు ఇంటికి పెద్దవాడిది. మరి ఫోల్డరుకు మాత్రం తోర్ ఉండదా? అందరూ తలలూపారు. ఎజె కూడా ఊపింది. గొంతులు పోగుచేసింది ఆమె, టైపు కొట్టింది ఆమె, అక్షరాలు దిద్దింది ఆమె. కంపెనీ తాళంచెవి తన దగ్గర పెట్టుకుని పని ఆమెకిచ్చినట్టే, వంశమూ చేసింది. తేడా ఏమైనా ఉంటే, కంపెనీ మాంసం పెట్టలేదు.

మర్నాడు పగలు తోడికోడళ్ళిద్దరూ ఆతా ఇంట్లోనే ఆయన ఫోను, ఎజె ఫోను పక్కపక్కన పెట్టుకుని ఓనర్ని మార్చడానికి కూర్చున్నారు. అంతా సజావుగా సాగి, చివర్లో ఫోను కొత్త ఓనరు పూర్తి పేరు టైపు చేసి నిర్ధారించమంది.

ఎజె సోనున్ వైపు చూసింది. సోనున్ ఎజె వైపు చూసింది.

"నువ్వు కొట్టు ఎజె, నీకు టైపింగ్ వచ్చుగా."

"ఓనర్ని మార్చమన్నది నువ్వు. నువ్వే కొట్టు."

'తెల్లగుర్రం' అని కొట్టి చూశారు. ఒప్పుకోలేదు. కంపెనీవాళ్ళకు మర్యాద తెలీదంది సోనున్. చివరికి ఆతానే పిలిచి, ఆయన పేరు ఆయన చేతనే, కళ్ళద్దాలు సర్దుకుంటూ ఒక్క వేలితో కొట్టించారు. ఆతాకు బాగా సంతోషమైంది. తన పేరు రాసుకోవాల్సిన అవసరం ఆయనకు పింఛను సంతకం తర్వాత మళ్ళీ ఇప్పుడే వచ్చింది.

సోనున్ ఆ ఫోల్డరు లింకు బంధువుల గ్రూపులో పెట్టింది. అక్కడి నుంచి అది వియ్యంకుల గ్రూపుకూ, సంతలో పశువుల బేరగాళ్ళ గ్రూపుకూ వెళ్ళింది. ఎవరో ఒకరు తలుపు తట్టడం మొదలైంది. ఆతా ఫోను టింగుమనేది, ఫలానావారు లోపలికి రావడానికి అనుమతి అడుగుతున్నారు, ఇవ్వాలా వద్దా? గుమ్మంలో నిలబడి అడిగినవాణ్ణి వద్దనడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆతా అందరికీ ఇచ్చారు. లోపలి సామాను మార్చుకునే హక్కు కూడా అడిగితే అదీ ఇచ్చారు. లోపలికి రానిచ్చి టీ పోయకపోతే ఎలా?

అతిథులు వచ్చి కూర్చున్నారు. లోయలోని ముసలమ్మల కోషోక్‌ల పక్కన పాత టైర్లు, బరువు తగ్గించే టీ, దొంగ సినిమాలు చేరాయి. ఎజె చూస్తూనే ఉంది. తీసేద్దామంటే, ఆతా రానిచ్చినవాళ్ళని తోసేయడానికి తనెవరు? ఒకరోజు చోటు చాలక ఎవరో అతిథి నాలుగు పాటలు చెరిపేశాడు. అమ్మ పాట వాటిలో లేదు. ఎజె ఆ రోజు పనికి వెళ్ళలేదు.

తర్వాత కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. దొంగ సినిమాలు నిబంధనలకు విరుద్ధం కాబట్టి, వారంలో ఫోల్డరంతా మూసేస్తారు. అభ్యంతరం ఉంటే ఓనరు చెప్పుకోవచ్చు. మొత్తం దింపుకునే హక్కు కూడా ఓనరుదే. ఈసారి నోటీసు రష్యన్‌లో ఉంది. కంపెనీ దయ.

అభ్యంతరం చెప్పడానికి ఆతా ఎజెను పక్కన కూర్చోబెట్టుకుని ఫోను తెరిచారు. యంత్రం ఆయన్ని మొదట అడిగిన ప్రశ్న, మీరు మనిషేనా అని. ట్రాఫిక్ దీపాలున్న బొమ్మలన్నీ ఎంచి చూపించమంది. మా అట్-బాషీలో చూసి నేర్చుకునే సంగతి కాదది. ఆతా ఫోను దూరం జరిపారు.

"చూశావా కెలిన్, నేను మనిషినో కాదో చూపించుకోమంటోంది" అన్నారు. కోడల్ని మా పెద్దలు కెలిన్ అనే పిలుస్తారు. "నా ఏడు తరాలూ చెబుతా, రాసుకోమను."

చెప్పారు కూడా, మైకు నొక్కి, ఏడో తరం దాకా. మీ మాట మాకు ముఖ్యం అని వెంటనే జవాబొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. అటువైపు మనిషనేవాడు లేడని, పాపం, ఆతాకు ఎవరు చెబుతారు? మనిషివా అని అడుగుతున్నది మనిషి కాదు.

గడువు దగ్గర పడింది. మొత్తం దింపుకుందామన్నా ఆతా ఫోనులో పట్టదు. ఇక మిగిలింది ఒకటే, ఓనరుగిరీ తనకు తిరిగి ఇచ్చెయ్యమని ఎజె అడగాలి. అంటే ఆమె లెక్కలో, ఒక కోడలు వెళ్ళి పెద్దాయన్ని తోర్‌లోంచి లేవమనడం. మూడు ముద్దల పిండి పిసికిందట ధైర్యం కోసం. ఆ రొట్టెలే పట్టుకుని వెళ్ళింది. సోనున్ అక్కడే ఉంది, కదల్లేదు.

ఎజె గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. తన అమ్మ పాట అందులో ఉందని, పక్క జిల్లా మనిషి పాట ఈ వంశం ఫోల్డరులో పెట్టడం తప్పయితే తప్పేనని, కానీ వారం దాటితే అది ఇక ఉండదని. "ఆతా, ఆ ఓనరుగిరీ నాకు కావాలి" అంది. అంత సూటిగా ఆమె అంతకుముందు ఆ ఇంట్లో ఉప్పు కూడా అడిగి ఎరగదు.

సోనున్ నోరు తెరవబోయింది. ఆతా చెయ్యెత్తి ఆపారు.

"ఆగు. నాకొకటి చెప్పండి. ఈ ఓనరంటే, వచ్చినోళ్ళకి తలుపు తీయడం, ఎవరొచ్చారో చూడటం, పోయినోళ్ళ వెనకాల గడియ పెట్టడం, ఇదేగా పని?"

అదే అంది ఎజె.

"తోర్‌లో కూర్చున్నోడు లేచి తలుపు తీస్తాడా ఎక్కడైనా? తలుపు ఏ ఇంట్లోనైనా కోడలిదే కదా. ఇన్నాళ్ళూ మీరిద్దరూ కలిసి నన్ను గుమ్మం దగ్గర కాపలా కూర్చోబెట్టారన్నమాట, గౌరవం అని చెప్పి." ఫోను ఎజె చేతిలో పెట్టేశారు. "తీసుకో. టింగుటింగుమని ప్రాణం తీస్తోంది."

పెద్దరికం అంటే మా వాళ్ళకున్న భక్తి ఇంతటిది, ఎవరూ పెద్దాయన్ని ఆ పని మీకిష్టమేనా అని అడగలేదు. ఆయన చెప్పిన కారణం నాకు నచ్చలేదు. కోడలికి తలుపిచ్చి తోర్ ఆయనే ఉంచుకున్నారు. కానీ ఆ రోజు ఎజెకు కావలసింది తలుపే.

గడువుకు ముందే ఆమె మొత్తం దింపేసుకుంది. సంతలో కొన్న చేతిలో పట్టే డిస్కులోకి, నిదానమైన ఇంటర్నెట్టుతో, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి. దిగాయి. కాకపోతే ఫైళ్ళ పేర్లన్నీ మాయమై, పొడుగాటి అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన వరసలు మిగిలాయి. ఆ కంపెనీ సామాను ఇవ్వక తప్పనప్పుడు ఇచ్చే పద్ధతి అది. ఏది ఎవరి గొంతో వింటే తప్ప తెలీదు. ఎజె పని నుంచి రాగానే వంటింటి కిటికీ తెరిచి, పిండి పిసుకుతూ, ఒకదాని తర్వాత ఒకటి పెట్టడం మొదలుపెట్టింది.

కోషోక్ వినిపిస్తున్న ఇంటి ముందు నుంచి మా వాళ్ళు ఊరికే వెళ్ళిపోరు. మొదటి రోజే పక్కింటి ముసలాయన వీధిలోంచే బావురుమంటూ లోపలికొచ్చాడు. ఆయన వెనక ఆడవాళ్ళు రొట్టెలు, నూనెలో వేయించిన బోర్సోక్‌లు పట్టుకొచ్చారు. పోయిందెవరని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎజె పిండి చేతులతో ఎదురొచ్చి, ఎవరూ పోలేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవాళ్ళు వెళ్ళాలి కదా, వెళ్ళలేదు. టీ తాగుతూ విన్నారు. ఒకామె కప్పు కింద పెట్టి, ఇది మా అత్త గొంతు అంది. ఇంకొకామె, కాదు, ఆమె చెల్లెలు, ఆమెకు ముక్కుతో పాడే అలవాటు అంది. వాదించుకున్నారు. తేలిన పేరు ఎజె టైపు చేసింది. మర్నాడు పిలవకుండానే వచ్చారు.

వాళ్ళమ్మ పాట సోనున్ ఉన్న రోజున వచ్చింది. మొదటి పంక్తికే ఎజె చేతులు పిండిలో ఆగిపోయాయి. సోనున్ తల వంచుకుని చివరిదాకా వింది.

"మీ అమ్మ పాటలో కూడా మీ నాన్నని తిడుతూనే ఉందే" అంది.

"తాగి గుర్రం పోగొట్టాడు కదా మరి. పాటలో ఎలా వదులుతుంది?"

"ఏ వంశమైనా ఇదేలే." సోనున్ లేచి కెటిల్ మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. తర్వాత ఆ డిస్కుకు ఒక నకలు తీయించుకుని, తన పెళ్ళినాటి చెక్కపెట్టెలో, దుప్పట్ల కింద దాచింది. అది తన దగ్గరున్నట్టు అడగనివాళ్ళకి కూడా చెబుతుంది.

చెరిగిపోయిన నాలుగు పాటలు మాత్రం రాలేదు. వాటిలో రెండు పాడినవాళ్ళు ఇప్పుడు లేరు.

చదివేవారిని నేను కోరేది ఇది. మీ ఫొటోలు, మీ ఇంటి గొంతులు ఏ క్లౌడ్‌లో ఉన్నాయో ఈ ఆదివారం చూడండి. అన్నీ ఒకసారి బయటికి దింపండి, ఏ రూపంలో వస్తాయో, పేర్లతో వస్తాయో లేదో చూడండి. రాకపోతే ఆ కంపెనీకి తెలుగులోనే రాయండి, మా సామాను మాకు మా పేర్లతో ఇవ్వండి, మూసేసే ముందు మా భాషలో చెప్పండి, జవాబు మనిషి చేత ఇప్పించండి అని. ఒక్కరు రాస్తే నవ్వుకుంటారు, అందుకని పక్కింటివాళ్ళ చేత కూడా రాయించండి. మీ ఊరి గ్రంథాలయంలో, మీ సంఘంలో ఒక డిస్కు కొని పెట్టమని అడగండి. ఇంకొక్కటి, మీ ఇంట్లో ఇవన్నీ పోగుచేసి దాస్తున్నది ఎవరో కనుక్కుని, తాళంచెవి వాళ్ళ పేరు మీదే ఉందో లేదో చూడండి. లేకపోతే ఇవాళే మార్చండి.