డైసీకి సంబంధం చూసిన బాలామణి

రైసుమిల్లులో బస్తాలు మాయమవుతున్నాయని కోదండరామయ్య ఒక అల్సేషియన్ కుక్కపిల్లను పెంచాలనుకున్నాడు. అది యాభై నాలుగో సంవత్సరం. అప్పటికి తిరువూరు బజారులో సీమకుక్కను పెంచే ఇల్లే లేదు. ఆయన తల్లి కనకమ్మ మడిచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, "అది వంటింటి గడప తొక్కిందా, నేను అన్నం ముట్టను" అని ముందే చెప్పేసింది. భార్య బాలామణికీ కుక్కంటే అసహ్యమే.

పిల్లను ఇవ్వాల్సింది విస్సన్నపేట రిబ్కా టీచరమ్మ. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చిన్నతనంలో ఒక మిషన్ దొరసాని దగ్గర కుక్కల పెంపకం నేర్చుకుని, ఆ దొరసాని వెళ్లిపోయాక అదే జాతిని నిలబెట్టుకుంటూ వచ్చింది. ఆమె పిల్లను ఊరికే పంపలేదు. ముందు బస్సెక్కి తిరువూరు వచ్చి ఇల్లూ, మిల్లూ చూసింది.

"దీనికి రోజూ అన్నం పెట్టేదెవరు బాబూ?"

కోదండరామయ్య భార్య వైపు చూపించాడు.

"అయితే నేను మాట్లాడాల్సింది నీతో కాదు, ఆ అమ్మాయితో" అంటూ టీచరమ్మ బాలామణి పక్కన అరుగు మీద కూర్చుంది. ఏ వేళకు ఏం పెట్టాలో, పురుగుల మందు ఎప్పుడు పట్టాలో అక్కడే చెప్పింది. వెళ్లబోతూ, వెంట తెచ్చిన కుక్కపిల్ల డైసీని ఆమె ఒళ్లో పెట్టింది. ఆ వెచ్చటి బరువు తగిలేసరికి బాలామణికి దించాలనిపించలేదు. అసహ్యం ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

డైసీ ఏపుగా పెరిగింది. ఒక సాయంత్రం మిల్లు వెనక గోడ దూకిన మనిషిని మూలకు తరిమి, పంటి గాటు పడనీయకుండా, జనం వచ్చేదాకా కదలనివ్వలేదు. దాంతో ఊరంతా డైసీ పేరే. ఎరువుల కొట్టాయన, బస్సు కంపెనీ మేనేజరు, వినగడప మోతుబరి రామలింగం, అందరూ పిల్ల కావాలన్నవాళ్లే. కోదండరామయ్య ఎవరినీ నొప్పించలేదు. "మీకు కాకపోతే ఎవరికండీ!" అని అందరికీ మాటిచ్చేశాడు.

ఏడాది నిండకుండానే డైసీ ఎదకొచ్చింది.

"రామలింగంగారి మగకుక్క సుల్తాన్ ఏనుగులా ఉంటుంది. రేపే బండి కట్టించి తీసుకెళ్తా" అన్నాడు కోదండరామయ్య.

"ఒక్కరోజు ఆగండి, టీచరుగార్ని అడిగొస్తాను" అని బాలామణి పొద్దున్నే విస్సన్నపేట బస్సెక్కింది.

టీచరమ్మ అంతా విని, "మీ అమ్మాయికి ఎన్నేళ్లు?" అని అడిగింది.

"పదకొండండి."

"పెళ్లి చేసేస్తావా?"

"అయ్యో, ఇంకా పసిదండి!"

"ఇదీ పసిదే. ఎముకలింకా గట్టిపడలేదు. రెండేళ్లు నిండనీ. ఈలోపు నువ్వు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పుట్టించడం ఎవరైనా పుట్టిస్తారమ్మా. ఎందుకు పుట్టిస్తున్నావో చెప్పగలిగినప్పుడే ఆ పనికి దిగు."

బాలామణి ఇంటికొచ్చి డైసీని మిల్లు గోదాములో పెట్టి తాళం వేసింది. వీధి కుక్కలన్నీ వచ్చి ఆ గోదాము ముందు కొలువుదీరాయి. మిల్లుకు వడ్లు తెచ్చిన రైతులు దారి లేక బండ్లు నిలిపేశారు. చూసి చూసి కనకమ్మకే కోపమొచ్చింది. మడి పక్కనబెట్టి, చీపురుకట్ట పట్టుకుని, గోదాము గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఎద తగ్గేదాకా ఒక్క మగకుక్కనూ దరిదాపులకు రానీయలేదు. "మా పిల్ల జోలికొస్తారూ!" అని ఆవిడ అరిచిన అరుపులు బజారు చివరిదాకా వినపడేవి.

ఆ తరవాత బాలామణి వీలు చిక్కినప్పుడల్లా విస్సన్నపేట వెళ్లేది. టీచరమ్మ అప్పుడే పుట్టిన కుక్కపిల్లల్ని ఆమె చేత తుడిపించింది, పాలు చాలని పిల్లకు దూదితో పాలు పట్టించింది. కుక్క నడుస్తుంటే వెనకనుంచి చూడటం నేర్పింది. తల్లీ తండ్రీ చాలరు, తాతలూ అవ్వలూ ఎలాంటివో, ఎంతకాలం బతికాయో, దేనితో చచ్చాయో అడగాలంది. ఒకే కడుపున పుట్టినవాటిని కలిపితే లోపలున్న జబ్బులు బయటపడతాయని చెప్పింది. మొదట్లో ఎద, చూలు అన్న మాటలు పలకడానికే బాలామణి సిగ్గుపడేది. ఏడాది తిరిగేసరికి నలుగురు మగవాళ్ల ముందు ఆ మాటలే గట్టిగా అనేది. కోదండరామయ్య మాత్రం దగ్గు నటిస్తూ లేచి వెళ్లిపోయేవాడు.

డైసీకి రెండేళ్లు దాటాక మొగుడూపెళ్లాలు ఇద్దరూ వినగడప వెళ్లారు. సుల్తాన్ నిజంగానే చూడముచ్చటగా ఉంది. నల్లటి వీపు, నిగనిగలాడే వెంట్రుకలు.

"గొలుసు విప్పించండి, దాన్ని మామూలుగా తిరగనివ్వండి" అంది బాలామణి.

రామలింగం నవ్వాడు. "ఏం కోదండరామయ్యా, మీ ఇంట్లో కుక్కల సంగతి కూడా ఆడవాళ్లే చూస్తారా?" అంటూనే విప్పించాడు.

అంతలో పాలేరు చేతిలోంచి ఇత్తడి బిందె జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకు సుల్తాన్ ఎగిరిపడి బండి కిందకు దూరింది. బయటికి రమ్మని చెయ్యి చాపిన పాలేరును మణికట్టు దగ్గర కరిచింది. బాలామణి గబగబా నీళ్లు తెప్పించి, సబ్బుతో ఆ గాయం కడిగింది. ఆసుపత్రికి పంపమని రామలింగానికి చెప్పి, లేచి నిలబడింది.

"మీ కుక్క చాలా అందంగా ఉందండి. కానీ మా డైసీకి వద్దు."

తిరుగుదారిలో కోదండరామయ్య మండిపడ్డాడు. "అంత పెద్దమనిషి మొహం మీద వద్దంటావా?"

"బెదురున్న కుక్కే కరుస్తుందండి. ఆ బెదురు పిల్లలకూ వస్తుంది. రేపు ఆ పిల్ల ఏ పసివాణ్ణో కరిస్తే వాళ్లింటికెళ్లి మీరేం చెప్తారు?"

ఊరు దగ్గరపడ్డాక ఆయన, "పాలేరు చెయ్యి బాగా తెగిందా?" అని మెల్లగా అడిగాడు.

ఎ.కొండూరులో దేవానందం అనే మాజీ సుబేదారు దగ్గర టైగర్ అనే మగకుక్క ఉందని టీచరమ్మ కబురుచేసింది. చూడటానికి సుల్తాన్‌లో ముప్పాతిక కూడా ఉండదు. బాలామణి వెళ్లేసరికి సుబేదారు మనవరాలు, ఇంకా సరిగ్గా నడక రాని పిల్ల, దాని చెవి పట్టుకుని లేచి నిలబడుతోంది. టైగర్ కదలకుండా ఓపిగ్గా నిలబడింది. బాలామణికి అక్కడికక్కడే మనసు కుదిరింది. కానీ సుబేదారు ఊరుకోలేదు. "మీరు మావాణ్ణి చూశారు. నేను మీ పిల్లను చూడొద్దా?" అని తిరువూరు వచ్చి డైసీని నడిపించాడు, పళ్లు చూశాడు, మిల్లు చప్పుడుకు ఎలా ఉంటుందో గమనించాడు. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదని టీచరమ్మ తేల్చాకే జత కట్టించారు.

ఒక మధ్యాహ్నం, సరిగ్గా అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, డైసీ పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టింది. మొత్తం ఆరు. చివరిది ఊపిరి తీయలేదు. బాలామణి ఎంగిలి చెయ్యి కడుక్కుని, దాని నోట్లోని జిగురు తీసి, తువ్వాలుతో రుద్దుతూనే ఉంది. చాలాసేపటికి అది కీచుమంది. కనకమ్మ వేణ్నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి తెస్తూ, "బతికిందా?" అని గుమ్మంలోంచే అడిగి, బతికిందన్నాక కళ్లొత్తుకుంది.

పిల్లలకు కళ్లు తెరుచుకోకముందే అడిగేవాళ్లు రావడం మొదలుపెట్టారు. తల్లిని వదిలే వయసు వచ్చేదాకా ఒక్కదాన్నీ ఇచ్చేది లేదంది బాలామణి. వచ్చిన ప్రతివాళ్లనూ కూర్చోబెట్టి అడిగేది. ఎక్కడ కడతారు? ఇంట్లో ముసలివాళ్లున్నారా? ఊరెళితే ఎవరు చూస్తారు? "పెంచలేకపోతే ఇంకొకళ్లకు ఇవ్వకూడదు. తెచ్చి నాకే ఇవ్వాలి" అని మాట తీసుకునేది. బస్సు కంపెనీ మేనేజరు, రోజంతా షెడ్డులో గొలుసుతో కట్టేస్తానని నిజం చెప్పినందుకు ఆయనకు పిల్ల దొరకలేదు.

"మనమ్మాయి సంబంధానికి కూడా ఇన్ని అడగవేమో" అన్నాడు కోదండరామయ్య.

"అంతకంటే ఎక్కువే అడుగుతాను, చూడండి" అంది బాలామణి.

మరుసటేడు ఆమె డైసీ పిల్లలన్నింటినీ ఇంటింటికీ వెళ్లి చూసొచ్చింది. ఐదు చక్కగా ఉన్నాయి. విస్సన్నపేట మామిడితోటలో కాపలా ఉండే మరియదాసు దగ్గరిది మాత్రం వెనక కాళ్లు ఊపుతూ నడుస్తోంది. టీచరమ్మ చెయ్యి పెట్టి చూసి, తుంటి కీలు సరిగా కుదరలేదు, ఇది తల్లీతండ్రుల నుంచి వచ్చే లోపమేనంది. ఎంత జాగ్రత్తపడినా కొన్ని మన కళ్లు దాటిపోతాయని కూడా అంది. బాలామణికి ఏడుపొచ్చింది.

"దీన్ని నాకిచ్చెయ్, మరియదాసూ. మంచి పిల్లను వెతికిస్తాను."

"ఎందుకమ్మా? ఈడు పరిగెత్తకపోతే ఏం, నేను మాత్రం పరిగెడతన్నానా? చెట్టుకింద ఇద్దరం కూసుంటాం" అని మరియదాసు కుక్క మెడ చుట్టూ చెయ్యి వేశాడు. దాన్ని ఎత్తులు ఎక్కనివ్వొద్దని, ఒళ్లు రానివ్వొద్దని ఆమె చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నాడు.

ఆమె అక్కడినుంచి నేరుగా ఎ.కొండూరు వెళ్లి సుబేదారుకు ఉన్నదున్నట్టు చెప్పింది. "మరొకరైతే దాచేవారమ్మా. ఇక టైగర్‌ని జతకు ఎవరికీ ఇవ్వను" అన్నాడాయన. డైసీకి కూడా మళ్లీ పిల్లలు వద్దని బాలామణి నిర్ణయించుకుంది. రెండో ఈతలో పిల్లల్నిస్తానని మాటిచ్చినవాళ్లందరి దగ్గరికీ ఈసారి కోదండరామయ్యే తిరిగి, "మా ఆవిడ వద్దంది. ఈ విషయంలో ఆవిడకు తెలిసినంత నాకు తెలీదు" అని చెప్పుకొచ్చాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన దగ్గలేదు.

యాభై తొమ్మిది వేసవిలో రిబ్కా టీచరమ్మ దగ్గరనుంచి కబురొచ్చింది. తన కొత్త ఆడకుక్కకు తగ్గ మగకుక్క బెజవాడలో ఒకటి ఉందట. తన చూపు ఆనడం లేదట. "నువ్వెళ్లి చూసి, సరే అంటే సరే, వద్దంటే వద్దు" అని.

మర్నాడు బాలామణి బెజవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పక్కనే కోదండరామయ్య, ఒళ్లో పులిహోర గిన్నె పెట్టుకుని, "నడక వెనకనుంచే కదూ చూడాల్సింది?" అని అడుగుతున్నాడు.